దల్మా కార్చిచ్చుల వెనుక మనిషి చరిత్ర

జంషెడ్‌పూర్‌లోని సిద్ధగోరా తదితర ప్రాంతాల వాసులకు దల్మా కొండలు సుపరిచితమే. ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆ అడవుల్లో నిప్పు రాజుకుంటుంది. కారణం ఎండ ఒక్కటే కాదు. ఈ ప్రాంతంలో పిడుగులు సాధారణంగా వానతోనే వస్తాయి కనుక వాటి వల్ల అడవి అంటుకోవడం అరుదు. దాదాపు ప్రతి మంట వెనుకా మనిషి చేయి ఉంటుంది.

ఆ చేయి చాలా పాతది. ఇప్పపువ్వు రాలే కాలానికే సాలవృక్షాలు, అంటే గుగ్గిలం చెట్లు, ఆకు రాలుస్తాయి. ఆకుల మధ్య పువ్వు కనబడదు. అందుకే చెట్టు కింది చెత్తను కాల్చి నేలను శుభ్రం చేయడం ఆనవాయితీ అయింది. తునికాకు లేత చిగుళ్ల కోసం, పశువుల మేత కోసం, పోడు కోసం కూడా నిప్పు పెట్టేవారు. పోడు చెలకలు మారుతూ ఉండటంతో కాలినచోటు, కాలనిచోటు పక్కపక్కనే ఉండి, మంట ఎక్కడికక్కడ ఆగిపోయేది.

1860 దశకంలో మధ్య పరగణాల్లోని బోరీ అడవిలో బ్రిటిష్ ప్రభుత్వం అగ్ని నివారణ చేపట్టింది. 1878 అటవీ చట్టం రిజర్వు అడవిలో నిప్పు పెట్టడాన్ని నేరంగా ప్రకటించింది. రైలు పట్టాల స్లీపర్లకు సాల కలప కావాలి. సింగ్‌భూమ్‌లోని సారండా అడవులు అందుకు పేరొందినవి. నిప్పును నష్టంగానే లెక్కించిన అధికారులకు తర్వాత మరో అనుభవం ఎదురైంది. బెంగాల్, అస్సాంలలోని తేమ అడవుల్లో దశాబ్దాలపాటు మంటలను ఆపినచోట పొదలు కమ్ముకుని సాల మొలకలు ఎదగలేదు. దాంతో 20వ శతాబ్దిలో అటవీ శాఖే అక్కడ అదుపుతో నిప్పు పెట్టింది! సాల మొలక పైభాగం కాలినా వేరు నుంచి మళ్లీ చిగురిస్తుంది. అయితే పొడి అడవిలో ఏటా కాలితే అది చెట్టయ్యే అవకాశం ఉండదు.

దల్మాలో నేటి చిక్కు ఇదే. పోడు తగ్గినా పువ్వు కోసం పెట్టే నిప్పు ఆగలేదు. వేసవి ముదిరాక అంటుకున్న మంట ఎండుటాకుల మీదుగా సాగి, ఏనుగుల మేతనూ కాల్చివేస్తుంది. భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహాల ద్వారా మంటలను గుర్తించి రాష్ట్రాలకు హెచ్చరికలు పంపుతోంది. అటవీ సిబ్బంది అగ్నిరేఖలు తీస్తున్నారు. అంతకన్నా చవకైన ఉపాయం చెట్టు కిందే ఉంది: ఇప్పచెట్టు చుట్టూ వల కట్టితే పువ్వు అందులోనే రాలుతుంది, ఆకులు కాల్చవలసిన పనే ఉండదు.