విమానం ఎక్కే రోజు పట్టుచీర వద్దు!

ఇదివరకు వీధిలో ఒకరు విమానం ఎక్కారంటే ఊరంతా చెప్పుకునేవారు. ఇప్పుడు ఇంటికొకరు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉంటున్నారు. కూతురి పురుడనీ, మనవడి బారసాలనీ మన అమ్మలూ అత్తగార్లూ కూడా విమానాలు ఎక్కేస్తున్నారు. ప్రయాణం అనగానే ఆవకాయ, సున్నుండలు, కందిపొడి ఎలా సర్దాలా అని నెలముందు నించీ ఆలోచిస్తాం. ఒంటిమీద ఏం కట్టుకుని ఎక్కాలన్నది మాత్రం బయల్దేరే రోజు పొద్దున్నే బీరువా తలుపు తీసి ఆలోచిస్తాం. మేమూ అలాగే చేశాం. ఏమైందో చెప్తాను, వినండి.

2023లో తమ్ముడికి కొడుకు పుడితే అమ్మా నేనూ డల్లాస్ వెళ్ళాం. అమ్మకి 69 ఏళ్ళు. విమానం ఎక్కడం అదే మొదలు. "కొడుకింటికి వెళ్తూ మామూలు చీరేమిటే? ఎయిర్‌పోర్టుకి వియ్యాలవారు కూడా వస్తారు" అని కంచిపట్టు చీర కట్టుకుంది. జారకుండా కుచ్చిళ్ళకీ పైటకీ కలిపి ఆరు పిన్నీసులు. కాళ్ళకి కొత్త చెప్పులు.

హైదరాబాద్ నించి దుబాయ్‌కి సుమారు 4 గంటలు. అక్కణ్ణించి డల్లాస్‌కి 16 గంటలు. నీళ్ళు ఇవ్వడానికి వచ్చినప్పుడల్లా అమ్మ వద్దంటూనే ఉంది. దాహం లేదు కాబోలు అనుకున్నాను. అసలు సంగతి తరవాత చెప్పింది. ఒక్కసారి బాత్‌రూమ్‌కి వెళ్ళిందట. అది మన బట్టల బీరువాకి కాస్త పెద్దది, అంతే. అందులో పట్టుచీర ఎత్తి పట్టుకోవాలి, అంచు తడిలో పడకుండా చూసుకోవాలి, ఊడిన పిన్నీసు మళ్ళీ పెట్టుకోవాలి. "మళ్ళీ వెళ్ళాల్సొస్తుందని భయమేసి నీళ్ళే మానేశానే" అంది.

దిగేసరికి రెండు పాదాలూ వాచిపోయి చెప్పులు పట్టలేదు. మర్నాటికి మూత్రంలో మంట, జ్వరం. డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. ఏ బారసాల కోసం అంతదూరం వెళ్ళామో, ఆ రోజు అమ్మ మంచం మీదే ఉండిపోయింది. పక్క గదిలోంచి అందరి మాటలూ వింటూ పడుకుంది. తప్పు ఆవిడది కాదు. పక్కనే కూర్చుని కూడా అడగని నాది.

అందుకే చెప్తున్నాను. విమానానికి బట్టలు తీసేటప్పుడు అందంగా ఉన్నానా అని కాదు, "వీటితో భయం లేకుండా బాత్‌రూమ్‌కి వెళ్ళి రాగలనా?" అని అడుక్కోండి. వెళ్ళగలిగితేనే నీళ్ళు తాగుతాం. నీళ్ళు తాగాలి కూడా. ఎందుకంటే విమానంలో గాలి బాగా పొడిగా ఉంటుంది. తేమ 20 శాతం లోపే. పెదవులూ గొంతూ ఎండిపోతాయి.

ఏం వేసుకోవాలి?

అలవాటుంటే వదులుగా ఉండే కాటన్ పంజాబీ డ్రెస్సు అన్నిటికంటే సుఖం. పిక్కలు పట్టేసే చుడీదార్ వద్దు, వదులు సల్వార్ మేలు. బొందు బదులు మెత్తటి ఎలాస్టిక్ వేయించుకోండి. ఆ ఇరుకులో ముడి పడితే ఎంత అవస్థో చెప్పక్కర్లేదు.

చీర తప్ప వద్దనేవాళ్ళు నాలుగు ఉతుకులు పడి మెత్తబడ్డ నేత చీర కట్టుకోండి. కాస్త పైకి, చీలమండ కనబడేలా కట్టుకోండి. కుచ్చిళ్ళకి ఒకటి, పైటకి ఒకటి పిన్నీసు చాలు. లంగా బొందు బిగించి కట్టకండి. పైన ఎగిరేటప్పుడు విమానం లోపలి గాలి ఇంచుమించు ఊటీ కొండ మీద ఉన్నంత పలచన అవుతుంది. దాంతో కడుపులో గాలి ఉబ్బుతుంది. ఇంట్లో సరిగ్గా ఉన్న బొందు అక్కడ కోసుకుపోతుంది. జాకెట్టు చేతులు కూడా వదులుగా ఉండాలి.

నైలాన్, పాలియెస్టర్ చీరలు నలగవని కట్టుకుంటాం. కానీ నిప్పు తగిలితే అవి కరిగి ఒంటికి అంటుకుంటాయి. నూలే క్షేమం.

లోపల చలి వేస్తుంది కనక ఒక శాలువా, ఒక జత మేజోళ్ళు దగ్గరుంచుకోండి. సీటు బెల్టు శాలువా పైనించి పెట్టుకుంటే, మీరు నిద్రపోతుండగా లేపి చూడరు.

చెప్పులు పాతవి, వదులైనవి వేసుకోండి. గంటల తరబడి కూర్చుంటే ఎవరికైనా పాదాలు కొంచెం వాస్తాయి. 4 గంటలకు మించి కదలకుండా ప్రయాణం చేస్తే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపవుతుందని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అలాగని హడలిపోకండి, అది సుమారు 6,000 మందిలో ఒకరికి. గంటకోసారి పాదాలు పైకీ కిందికీ ఆడించండి, లేచి నాలుగడుగులు వెయ్యండి. బిగువు మేజోళ్ళు కావాలో వద్దో మీ డాక్టరుని అడగండి. దిగాక ఒక్క కాలే వాచి నొప్పి పెడితే మాత్రం వెంటనే డాక్టరుకి చూపించుకోండి.

ఇవీ మర్చిపోకండి

గాజులూ పిన్నీసులూ ఎక్కువైతే తనిఖీ దగ్గర యంత్రం కూస్తుంది. మన దగ్గర తెర చాటుకి తీసుకెళ్ళి ఆడవాళ్ళే చూస్తారు, కంగారు పడకండి.

వీల్‌చెయిర్‌లో కూర్చునేవాళ్ళు కొంగు ఒళ్ళోకి తీసుకోండి, చక్రంలో పడుతుంది.

ఒక జత బట్టలు, లోపలి బట్టలతో సహా, చేతిసంచిలో పెట్టుకోండి. కూర ఒలికినా, పెట్టె రావడం ఆలస్యమైనా అవే దిక్కు.

వెళ్ళే ముందు ఒక పూట ఆ బట్టలతోనే ఇంట్లో కుర్చీలో రెండు గంటలు కూర్చుని చూడండి. వాటితోనే బాత్‌రూమ్‌కీ వెళ్ళి రండి. ఎక్కడ బిగుస్తోందో, ఏది జారుతోందో అప్పుడే తెలుస్తుంది.

అయిదు నెలల తరవాత తిరిగి వచ్చేటప్పుడు, మరదలు కొన్న కాటన్ పంజాబీ డ్రెస్సు అమ్మ మారు మాట్లాడకుండా వేసుకుంది. దారి పొడుగునా అడిగి మరీ నీళ్ళు తాగింది. పాదాలు వాచలేదు. శంషాబాద్‌లో పెట్టెలు రాగానే, "ఉండవే, బయట మీ బాబాయి వాళ్ళుంటారు" అని బాత్‌రూమ్‌కి వెళ్ళి చేతిసంచిలోని నేత చీర కట్టుకుని వచ్చింది.

ఇదంతా రాయనా అని అడిగితే, "రాయి. నాలాగా నీళ్ళు మానేసే పిచ్చివాళ్ళు ఇంకా ఉంటారు" అంది.