ఆ ఫైల్ ఎవరు తెరవాలి?

మా రామంతాపూర్ నుంచి ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు పోవాలంటే హబ్సిగూడలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారాలి. అంత దూరం పోయి చూపించుకునేవాళ్లు ఇక్కడి క్లినిక్‌లో మోకాలి నొప్పికి వెళ్తే ఆ మందుల సంగతి ఎత్తకపోవచ్చు. ఎర్రగడ్డ అంటే మనకింకా వెటకారమే కదా! కానీ లిథియం వాడేవాళ్లకు ఐబుప్రొఫెన్ ఇస్తే రక్తంలో లిథియం పెరిగి విషం కావచ్చు. ఎలక్ట్రానిక్ రికార్డు ఉంటే డాక్టర్‌కు ఆ ముక్క కనబడుతుంది.

మరి కౌన్సెలింగ్‌లో చెప్పుకున్నవీ కనబడాలా? అక్కర్లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 24వ సెక్షన్ ప్రకారం గోప్యత డిజిటల్ సమాచారానికీ వర్తిస్తుంది. నేనైతే డేటాబేస్‌లో మందుల జాబితా ఒక టేబుల్‌లో, మనసులో మాట ఇంకో టేబుల్‌లో పెడతాను. రెండోదానికి తాళం వేరే. ఎవరు ఎప్పుడు తెరిచారో లాగ్‌లో పడాలి, ఆ లాగ్ పేషెంట్‌కీ కనబడాలి.