పారే నీరుంటేనే పెడన అద్దకానికి నిగ్గు

కాలువలో నడుము లోతు నీళ్ళలో నిలబడి, బారుకు బారు బట్టను విసిరి, జాడించి, మళ్ళీ లాక్కుంటూ ఉంటారు రంగు పనివారు. దారిన పోయేవారికి అది చాకిరేవు పనిలాగే కనిపిస్తుంది. కాని కలంకారీ చీర బాగోగులు తేలేది అక్కడే. బట్టకు పట్టకుండా మిగిలిన పటిక పారే నీటిలో కొట్టుకుపోవాలి. నిలవ నీటిలో ముంచితే ఆ పటికే తెల్లగా ఉండవలసిన చోటికి పాకుతుంది. తరువాత ఉడకబెట్టినప్పుడు అక్కడా ఎరుపెక్కుతుంది. రోజుల తరబడి చేసిన అద్దకం కాస్తా మరకల బట్టగా మిగులుతుంది.

మచిలీపట్నానికి సుమారు 10 కిలోమీటర్ల దూరంలో ఉన్న పెడనలో మగ్గాలతో పాటు అద్దకపు బల్లలూ ఉన్నాయి. పేరు కలంకారీయే గాని ఇక్కడివారు కలం పట్టరు. పారశీక భాషలో ఆ మాటకు కలంతో చేసే పని అని అర్థం. శ్రీకాళహస్తిలో వెదురు కలంతో పురాణ గాథలు చిత్రిస్తారు. పెడనలో టేకు చెక్కతో చెక్కిన అచ్చులతో పువ్వులు, లతలు, చిలకలు, మామిడి పిందెలు అద్దుతారు. గీతకు ఒక అచ్చు, లోపల నింపడానికి మరొకటి, అంచుకు వేరు, పైటకు వేరు. ఒక అచ్చు పక్కన మరొకటి వెంట్రుక వాసి తేడా లేకుండా పడాలంటే చేతికి ఏళ్ళ అలవాటు కావాలి.

వంటింటి సరుకులే రంగులు

ఈ పనికి కావలసిన సరుకుల్లో చాలా భాగం పల్లెటూరి ఇళ్ళలో ఎరిగినవే. ముందుగా బట్టలోని గంజి పోయేలా నానబెట్టి, ఉతికి, ఎండబెడతారు. కరక్కాయ పొడి కలిపిన నీటిలో ముంచుతారు. పాలు కలపడమూ ఉంది. పాలలోని కొవ్వు వల్ల రంగు గీత దాటి పాకదు. నల్ల రంగుకు తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం కలిపి కుండలో రోజుల తరబడి పులియబెడతారు. ఆ నీళ్ళు అచ్చుతో అద్దగానే కరక్కాయ పసరుతో కలిసి బట్ట మీద నల్లగా తేలుతాయి.

ఎరుపు సంగతి మరీ విచిత్రం. అద్దేటప్పుడు అక్కడ ఎరుపు ఉండదు. పటిక నీళ్ళలో జిగురు కలిపి అచ్చు వేస్తారు, అంతే. కాలువలో జాడించి ఆరిన బట్టను రాగి డేగిసాలో రంగు నీళ్ళలో వేసి ఉడకబెడితే, పటిక పడిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. పూర్వం ఇందుకు తీరప్రాంతపు ఇసుక నేలల్లో దొరికే చిరివేరు వాడేవారు. ఇప్పుడు అలిజరిన్ వాడకం ఎక్కువ. పసుపు రంగుకు కరక్కాయ పువ్వు, దానిమ్మ తొక్క, నీలానికి నీలిమందు. మధ్యలో గంజి పెట్టడం, మళ్ళీ ఉడకబెట్టడం, మళ్ళీ కాలువకు మోసుకుపోవడం.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఎండ బాగా కాసే వేసవిలో డెల్టా కాలువలు కట్టేస్తారు. బోరు నీరు వాడదామంటే సముద్రానికి దగ్గరి నేల, ఉప్పు తగులుతుంది. నీరున్న వానాకాలంలో ముసురు పడితే బట్ట ఆరదు. రైతు ఒక్కడే కాదు, అద్దకం పనివాడూ ఆకాశం వైపు, కాలువ వైపు చూస్తూ బతికేవాడే.

ఒకప్పుడు బందరు రేవు నుంచి ఈ తీరపు రంగుల బట్టలు దేశదేశాలకు వెళ్ళాయి. 1611లో ఇంగ్లీషువారు బందరులో వర్తకం పెట్టడానికి ఈ బట్టలూ ఒక కారణమే. తమ నేతగాళ్ళు దెబ్బతింటున్నారని ఫ్రాన్సు 1686లో రంగులద్దిన నూలు బట్టలను నిషేధించింది. ఇంగ్లండు 1700లో దిగుమతిని ఆపింది. 1719లో లండన్ నేతగాళ్ళు వీధుల్లో ఈ తరహా బట్టలు కట్టిన ఆడవాళ్ళ మీద పడి గౌన్లు చింపారంటే, మన రంగులంటే వారికి ఎంత బెంగో తెలుస్తుంది. ఆ తరువాత మిల్లు బట్ట వచ్చింది. 1864 నవంబరు 1 నాటి తుపాను దాదాపు 30 వేల మందిని పొట్టన పెట్టుకుని బందరును కుంగదీసింది. స్వాతంత్ర్యం వచ్చాక కమలాదేవి చటోపాధ్యాయ వంటివారి పూనికతో అద్దకం మళ్ళీ తేరుకుంది.

ఇప్పటి పోటీ విలాయతీది కాదు, ఇంటి పక్కదే. స్క్రీన్ ప్రింటింగులో అవే పువ్వులు, అవే చిలకలు రసాయన రంగులతో గంటల్లో తయారవుతాయి. కరక్కాయ అక్కర్లేదు, డేగిసా అక్కర్లేదు, కాలువలో దిగనక్కర్లేదు. ధర తక్కువ. దానితో పొట్టపోసుకునేవారూ ఈ ఊరివారే, వారిని తప్పుపట్టడానికి లేదు. ఆ చీరను కలంకారీ అద్దకమని చెప్పి అమ్మడమే అన్యాయం. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు వచ్చినా, కొట్లో చీర విప్పి చూపేటప్పుడు ఆ సంగతి ఎత్తేవారు అరుదు. నష్టం బల్ల దగ్గర నిలబడి అచ్చు కొట్టేవాడిది, అచ్చు చెక్కేవాడిది.

కొనేవారు చీరను తిరగేసి చూడాలి. అచ్చు అద్దకమైతే రంగు వెనుకవైపుకూ దిగి ఉంటుంది. స్క్రీన్ చీరలో తరచు పైపైనే ఉంటుంది. అచ్చుకు అచ్చు కలిసే చోట కాస్త ఎడమో, కాస్త ముదురు గీతో కనిపిస్తుంది. అంచు పొడుగునా ఒక్క వంకర లేకుండా గీసినట్లుంటే అనుమానించవలసిందే. కొన్న చీరను మొదట రెండు మూడుసార్లు విడిగా చన్నీళ్ళలో జాడించాలి. ఆరేసేది నీడపట్టున.