గుడారాలకు గిరాకీ - కొండకు నిప్పు భయం

లంబసింగి: కార్తీకం వెళ్లి మార్గశిరం వచ్చిందంటే నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్లే ఘాట్ రోడ్డుకు నిద్ర వుండదు. శనివారం రాత్రి కార్లు, మోటారు సైకిళ్లు బారులు తీరి కొండెక్కుతాయి. ఒకప్పుడు వచ్చినవాళ్లు తెల్లవారుజామున పొగమంచు చూసి, టీ తాగి, ఎండ ముదరకముందే దిగిపోయేవారు. ఇప్పుడు అలా కాదు. రాత్రంతా గుడారంలో పడుకోవాలి, చలిమంట వేయాలి, బొంగులో కోడి వండించుకోవాలి. పసుపు, ఎరుపు, నీలం రంగుల టెంట్లు పొలాల గట్ల మీద, కాఫీ తోటల అంచున, పైన్ చెట్ల కింద పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి.

ఈ ఊరికి వున్న రెండో పేరు కొర్రబయలు. ఇంటి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతాడని అర్థం చెబుతారు. అటువంటి చోట బయట పడుకోవడానికి డబ్బిచ్చి మరీ జనం వస్తున్నారంటే పెద్దలకు నవ్వొస్తుంది. కాని ఆ నవ్వు వెనుకే నాలుగు డబ్బులున్నాయన్న సంగతీ వారికి తెలుసు. టెంట్లు అద్దెకిచ్చే కుర్రాళ్లు, కట్టెలు మోసేవారు, అంబలి కాచేవారు, టీ బడ్డీల వారు - ఈ రెండు మూడు నెలల ఆదాయం మీద ఏడాదికి సరిపడా ఉప్పు, పప్పు చూసుకునే కుటుంబాలు ఇక్కడ వున్నాయి. కనుక గుడారాలు వద్దు అనడం తేలిక కాదు. ఎలా వుండాలి అన్నదే ప్రశ్న.

సముద్ర మట్టానికి ఇంచుమించు 1000 మీటర్ల ఎత్తున వుందీ ఊరు. అయితే ఎత్తొక్కటే ఈ చలికి కారణం కాదు. మబ్బు లేని రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. నేలకు ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి, నీరు పల్లానికి పారినట్టే కొండవాలు మీంచి జారి లోయ అడుగున నిలుస్తుంది. అందుకే గుట్ట మీది ఇంటికంటే పల్లపు పొలంలో చలి ఎక్కువ. డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని రోజులు ఉష్ణోగ్రత 5 డిగ్రీల దరిదాపులకు దిగుతుంది. పేపర్లో వచ్చే ఆ లెక్కలు చాలామట్టుకు చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలో తీసినవి. పట్నం నుంచి వచ్చినవారు చదునుగా వుందని పల్లపు పొలమే కోరుకుంటారు. గుడారం వేసే కుర్రాడు వారికి నచ్చజెప్పి నాలుగడుగులు పైకి తీసుకువెళితే మంచు తడి తగ్గుతుంది, చలీ తగ్గుతుంది.

నేల మీద పలచటి ప్లాస్టిక్ పట్టా పరిచి దాని మీద పడుకుంటే ఎన్ని రగ్గులు కప్పుకున్నా లాభం లేదు. ఒంట్లో వేడిని కింది నుంచి నేల లాగేస్తుంది. జానెడు మందాన ఎండుగడ్డి, దాని మీద చాప - పశువుల పాకలో కాపలా పడుకునే ప్రతి రైతుకూ తెలిసిన ఈ ఏర్పాటు ఖరీదైన పరుపుకు ఏ మాత్రం తీసిపోదు. గడ్డి అమ్మకానికి ఇదొక కొత్త దారి కూడా.

సరుగుడు కాదు, పైన్

మైదానం నుంచి వచ్చేవారు పైన్ తోపును చూసి, సముద్రతీరాన వుండే సరుగుడు అనుకుంటారు. దూరం నుంచి పోలిక వుంది. దగ్గరికి వెళితే తేడా తెలుస్తుంది. పైన్ ఆకులు సూదుల్లా కుచ్చులు కుచ్చులుగా వుంటాయి. కాయ చెక్కతో చెక్కినట్టు పొరలు పొరలుగా విచ్చుకుంటుంది. బెరడు గీరితే బంక కారుతుంది. ఉత్తరాన హిమాలయాల్లో పైన్ దానంతట అది పెరుగుతుంది. ఆ బంక నుంచే టర్పెంటైన్ తీస్తారు. మన తూర్పు కనుమల్లో అది పుట్టుచెట్టు కాదు. అరకు, అనంతగిరి, చింతపల్లి వైపు కనిపించేవన్నీ నాటిన తోటలే. కాగితపు గుజ్జుకు పనికొస్తాయని ఉష్ణ దేశాల పైన్ రకాలను దేశంలో పలుచోట్ల నాటి చూసిన రోజులున్నాయి. కాగితం సంగతి ఏమైనా, ఇప్పుడవి ఫొటోలకు పనికొస్తున్నాయి. సినిమా వాళ్లకూ, కొత్త పెళ్లి జంటలకూ ఆ చెట్ల వరుసలంటే మోజు.

పైన్ కింద గుడారం వేయాలని అందరూ ఎందుకు కోరతారో అక్కడ నిలబడితే తెలుస్తుంది. తుప్ప వుండదు, ముల్లు వుండదు. కాలికింద మెత్తగా ఎండు సూదులు పరిచినట్టుంటాయి. గాలి వీస్తే చెట్లు వానలా హోరుమంటాయి. బాగానే వుంది. కాని తుప్ప లేకపోవడమంటే మేకకు మేత లేకపోవడం, అడవి దుంప లేకపోవడం, అడ్డాకు లేకపోవడం అని గిరిజనుడికి తెలుసు. పరుపులా వున్న ఆ ఎండాకు అసలు సంగతి ఇంకా వేరు.

ఎండాకు కాదు, చమురు

పైన్ సూదుల్లో బంక వుంటుంది. అవి త్వరగా కుళ్లవు. ఏటికేడు పేరుకుంటాయి. ఎండితే అగ్గిపుల్లకే అంటుకుంటాయి. వాలు మీద మంట పైకి పరుగెత్తే వేగం మనిషి పరుగు కంటే ఎక్కువ. పైగా కొండ మీద కాలుతున్న పైన్ కాయ దొర్లిందంటే దిగువన మరోచోట కొత్త మంట పుడుతుంది.

ఇది ఊహించి రాస్తున్నది కాదు. ఉత్తరాఖండ్‌లోని పైన్ అడవులు ప్రతి వేసవిలో కాలుతూనే వున్నాయి. 2024 జూన్‌లో అల్మోరా జిల్లా బిన్సర్ అభయారణ్యంలో మంటలు ఆర్పబోయిన అటవీ సిబ్బంది పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఇంకా దక్షిణాన, తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో 2018 మార్చి 11న ఎండుగడ్డి అంటుకుని, కొండలు చూడ్డానికి నడిచి వెళ్లిన యువతీ యువకులు మంటల మధ్య చిక్కుపడ్డారు. 20 మందికి పైగా చనిపోయారు. అక్కడిది గడ్డి, ఇక్కడిది పైన్ సూది. మార్చి ఎండ మాత్రం రెండు చోట్లా ఒకటే.

చలిమంట లేకుండా డిసెంబరులో రాత్రి గడవదు. అది నిజమే. కాని మంటకు చోటుంది. పైన్ తోపులో ఎట్టి పరిస్థితిలోనూ మంట వేయరాదు. పొలంలో వేసినా చుట్టూ రెండు మూడు బారల మేర ఆకు, గడ్డి చీపురుతో ఊడ్చి మట్టి కనిపించేలా చేయాలి. గుంట తీసి, అంచున రాళ్లు పేర్చాలి. గెడ్డలోంచి తెచ్చిన తడిరాళ్లు మాత్రం వద్దు. లోపలి నీరు వేడికి ఆవిరై రాయి పేలుతుంది. పక్కనే రెండు బిందెల నీళ్లు వుండాలి. పడుకునే ముందు నీళ్లు పోసి, కర్రతో కలియబెట్టి, మళ్లీ పోసి, బూడిద మీద చేయి పెట్టి చూడాలి. చేతికి వెచ్చగా తగిలితే మంట ఆరనట్టే. పైకి బూడిదలా కనిపించినా లోపల నిప్పు తెల్లవార్లూ బతికే వుంటుంది. తెల్లవారుజామున గాలి లేచిందా, ఇక చెప్పనక్కర లేదు.

రిజర్వు అడవిలో అనుమతి లేకుండా నిప్పు రాజేయడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం నేరం. ఊరి కుర్రాళ్లు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. మంట వేసుకున్న పట్నం బాబు ఉదయం ఏడింటికల్లా కారెక్కి వెళ్లిపోతాడు. కేసంటూ వస్తే అధికారి ఎదుట నిలబడేది గుడారం వేసిన మనవాడే.

గుడారంలో కుంపటి పెట్టరాదు

చలికి తాళలేక బొగ్గుల కుంపటిని గుడారం లోపలికి తెచ్చుకుని జిప్పు వేసుకునేవారున్నారు. ఇంతకంటే ప్రమాదం మరొకటి లేదు. గాలి చాలని చోట నిప్పు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో వున్నవాడికి దగ్గు కూడా రాదు. తల బరువెక్కి అలాగే పోతాడు. 2020 జనవరిలో నేపాల్‌లోని దమన్ అనే కొండ ఊరిలో కేరళ పర్యాటకులు 8 మంది, అందులో నలుగురు పిల్లలు, తలుపులు కిటికీలు మూసిన గదిలో గ్యాస్ హీటరు పెట్టుకుని పడుకుని తిరిగి లేవలేదు. గదికే అలా అయితే నాలుగు మూరల గుడారం మాటేమిటి? బొగ్గులు ఎర్రగా కాలి పొగ ఆగిపోయాక పరవాలేదనుకోవడం పొరపాటు. పొగ లేని బొగ్గే ఎక్కువ మోసం చేస్తుంది. చలి మరీ ఎక్కువైతే వేడినీళ్లు సీసాలో పోసి గుడ్డ చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకుంటే సరిపోతుంది.

ఆకుల్లో, గడ్డిలో వుండే కంటికి కనిపించని నల్లి కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం గురించీ చెప్పాలి. చుట్టతో కాల్చినట్టు ఒంటిమీద నల్లటి మచ్చ, దానితోపాటు జ్వరం, తలనొప్పి వుంటే ఆలస్యం చేయక ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి. తొందరగా గుర్తిస్తే మామూలు మాత్రలతో తగ్గే జబ్బు. దోమ మాట సరేసరి. మన్యంలో మలేరియా కొత్త కాదు.

గెడ్డ నీళ్లు తాగేది ఎవరు?

ఆదివారం మధ్యాహ్నం టెంట్లు ఎత్తేసిన చోటుకు వెళ్లి చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ప్లాస్టిక్ పళ్లాలు, నీళ్ల సీసాలు, బిరియానీ ఎముకలు, పగిలిన బీరు సీసాలు. గాజు పెంకు పశువు గిట్టలో దిగితే ఆ ఏడు దుక్కి లేనట్టే. చెప్పుల్లేకుండా కట్టెలకు వెళ్లే పిల్లల కాళ్ల సంగతి వేరే చెప్పనక్కర లేదు. కాలకృత్యాలకు అందరూ గెడ్డ పక్కకే పోతారు. దిగువ ఊళ్లు ఆ గెడ్డనే తాగుతాయి. మరుగుకు గొయ్యి తీయాలన్నా, గిన్నెలు కడగాలన్నా నీటికి కనీసం 200 అడుగుల దూరం పాటించాలి. గుడారాలు వేసేవారందరూ కలిసి రెండు మరుగుదొడ్లు కట్టుకుంటే ఆడవాళ్లున్న కుటుంబాలు మరిన్ని వస్తాయి. అప్పుడు తాగి గొడవ చేసే మూకలు తమంత తామే తగ్గుతాయి. అద్దె చీటీతో పాటే చెత్త సంచి చేతికిచ్చి, బయానా కొంత పట్టి వుంచి, సంచి నింపి తెచ్చాక తిరిగి ఇవ్వడం కష్టమైన పనేమీ కాదు.

పసుపు పచ్చని వలిసె పూల చేలలో ఫొటోల కోసం దిగి తొక్కేస్తున్నారన్న ఫిర్యాదు అరకు, పాడేరు వైపు ఏటా వున్నదే. నూనెగింజ పంట అది, అలంకారం కాదు. ఎర్రగా పండిన కాఫీ కాయలు సరదాగా దూసి పారేయడమూ అంతే. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ పేరు వెనుక ఒక్కొక్క పండే ఏరి కోసే గిరిజన స్త్రీల వేళ్లున్నాయి. కాఫీ కోతా, గుడారాల సీజనూ ఒకేసారి రావడం మరో చిక్కు. కుర్రాళ్లు టెంట్ల దగ్గరికి పోతే కోత భారం అమ్మల మీద, అక్కల మీద పడుతోంది.

బేరం ఎవరిది?

ఈ ఘాట్ రోడ్డుకో కథ వుంది. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేసేటప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులతో పని చేయించి కూలి ఎగవేశాడు. అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు దారితీసిన కారణాలలో అదొకటి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడితో ఆ పోరు మొదలైంది. సరిగ్గా వందేళ్లకు, 2022లో, పాడేరు కేంద్రంగా ఆయన పేరిట జిల్లా ఏర్పడింది.

ఈ కథ ఇప్పుడెందుకంటే, రోడ్డు మీద వచ్చే డబ్బు ఎవరి చేతికి పోతుందన్నది ఇప్పటికీ తెగని లెక్క. 1970 నాటి 1వ నంబరు రెగ్యులేషన్ ప్రకారం, అందరూ 1/70 అనే చట్టం ప్రకారం, ఏజెన్సీ భూమి గిరిజనేతరుల పేర చేరదు. అయినా గిరిజనుడి పేర కాగితం, పైవాడి పెట్టుబడి అన్న పద్ధతిలో బేరాలు సాగుతున్నాయన్న మాట సంతల్లో గట్టిగానే వినిపిస్తుంది. సొంత భూమిలోనే ఒకరు యజమాని, మరొకరు కట్టెలు మోసే కూలీ అయ్యే పరిస్థితి రాకుండా చూసుకోవలసింది గ్రామసభలే. మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితుల ద్వారా గిరిజనులే విడిది నడిపిన అనుభవం మన కళ్ల ముందుంది. గుడారం పెద్ద పెట్టుబడి కాదు. నలుగురు కుర్రాళ్లు, ఒక మహిళా సంఘం కలిస్తే అయ్యే పని.

అడవి మంటల గురించి డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాల ద్వారా కనిపెట్టి సెల్‌ఫోన్లకు సందేశం పంపుతుంది. అటవీ సిబ్బందికే కాదు, పేరు నమోదు చేసుకున్న ఎవరికైనా ఉచితంగానే వస్తుంది. ఊరికి ఇద్దరు కుర్రాళ్లు ఆ పని చేయవచ్చు. ఉత్తరాఖండ్‌లో పైన్ సూదులు ఏరి అమ్మితే కొనే పథకం పెట్టారు. బుట్టలు అల్లుతున్నారు, ఇటుకల్లా నొక్కి వంటచెరకు చేస్తున్నారు. మన తోపులు అంత పెద్దవి కావు. గుడారాల చుట్టూ, రోడ్డు పక్కన సూదులు ఊడ్చి మంటకు అడ్డుగా ఖాళీ గీత తీస్తే చాలు. ఆ పని ఫిబ్రవరి దాటకుండా జరగాలి. అప్పటికి పొగమంచు పలచబడి కార్లు తగ్గుతాయి, టెంట్లు మడతపెట్టి అటక మీదికి చేరతాయి, కుర్రాళ్లు సిల్వర్ ఓక్ చెట్లకు నిచ్చెనలు వేసి మిరియాలు కోయడానికి పోతారు.