చార్మినారు ద్వారములోని అక్షరము

ఆసఫ్ జాహీ ప్రభువుల కాలమున హైదరాబాదు టంకశాలలో ముద్రింపబడిన చార్మినారు రూపాయి నొకదానిని అరచేత నుంచుకొని, ఉదయవేళ కిటికీ ప్రక్కన నిలిచి అటునిటు త్రిప్పి చూచినవారికి, ఆ వెండిబిళ్ళపై నున్న నాలుగు మీనారులును, వాని నడిమి తోరణమును, చుట్టును సాగిన పారసీక లిపియు ఒకప్పుడు స్ఫుటముగా లేచి నిలుచుటయు, మరుక్షణమున తళుకులో కరగిపోవుటయు కనబడును. ఆ తోరణద్వారమున చిన్న అక్షర మొకటి కలదు. మీర్ మహబూబ్ అలీఖాన్ నాటి రూపాయిపై అది 'మీమ్'. ఆయన కుమారుడగు మీర్ ఉస్మాన్ అలీఖాన్ నాటి రూపాయిపై 'ఐన్'. ఈ ఐన్ కొన్నింటియందు కురుచగాను, కొన్నింటియందు నిండుగాను ఉండుటచేత సేకర్తలు వానిని వేర్వేరు రకములుగా లెక్కింతురు. నాణెములను ఫోటో తీయువారి నేర్పునకు ఆ ద్వారముకంటె మంచి పరీక్షాస్థలము నాకు తోచదు.

ఈ రూపాయినే ముగ్గురు నిపుణుల చేతి కిచ్చినచో, వారు తెచ్చి చూపు మూడు చిత్రములును మూడు వేర్వేరు నాణెములవని క్రొత్తవాడు భ్రమపడవచ్చును. కెమెరాల భేద మిందుకు కారణము కాదు. దాదాపు అందరును స్టాండునకు కెమెరాను బిగించి, నాణెపు ముఖమునకు సరిగా సమాంతరముగ నుండునట్లు మాక్రో లెన్సును పైనుండి దించియే తీయుదురు. కాని నాణెముపై బొమ్మ లేచియున్న ఎత్తు మిల్లీమీటరులో కొద్దిపాటి భాగము. రంగుల భేదము స్వల్పము. పైపెచ్చు లోహము తన యెదుట నున్నదాని నెల్ల అద్దమువలె ప్రతిఫలింపజేయును. కావున వెలుతురు ఏ దిక్కునుండి, ఎంత వాలుగా, ఎంత మెత్తగా వచ్చి పడవలెనను నిర్ణయముననే ఒక్కొక్కరి శైలి యంతయు నిమిడియున్నది.

ఎక్కువ వాడుకలో నున్నది ఏటవాలు వెలుతురు. నాణెమును గడియారముగ భావించి, పది లేక పదునొకండు గంటల దిక్కున ఒక దీపము నుంచుదురు. నీడలు మరీ నల్లబడుచున్నచో రెండు గంటల దిక్కున మరియొకటి చేర్తురు. దీపము పైభాగముననే ఉండుటకు హేతువు మన కంటి యలవాటు. వెలుగు మీదినుండియే వచ్చునని పుట్టుకనుండి ఎరిగిన మన కన్ను, దిగువనుండి వెలిగించిన నాణెమును చూచినప్పుడు, లేచియున్న మీనారులను లోనికి త్రవ్విన గుంటలుగ గ్రహించును. క్రొత్త నాణెమునకు గల జీవకళను పట్టగలిగినదియు ఈ శైలియే. అచ్చుల దెబ్బ తగిలిన క్షణమున లోహము నడిమినుండి అంచులవైపు పారి, కంటి కానరాని సన్నని చారలను మిగిల్చిపోవును. ఆ చారలపై వెలుతురు పడగా, బండిచక్రపు టాకులవంటి తళుకుపట్టెలు పుట్టి, నాణెమును వాల్చినకొలదియు గిరగిర తిరుగును. చేతులు మారి అరిగిన రూపాయికి ఆ తళుకు ఉండదు. చింతపండుతోనో వీబూదితోనో తోమిన రూపాయికి మెరుపుండునుగాని ఆ చక్రము తిరుగదు. శుభ్రము చేయుచున్నామను సద్భావముతో ఎన్ని యిండ్లలో ఎన్ని నాణెములకు ఈ గతి పట్టినదో తలచుకొన్నప్పుడు మనసు కలుక్కుమనును.

రెండవ శైలి పరచిన వెలుతురు. దీపములకు నాణెమునకు నడుమ తెల్లని కాగితమో వస్త్రమో అడ్డముంచి, వెలుగు అన్ని వైపులనుండియు మెత్తగా వచ్చునట్లు చేయుదురు. మిరుమిట్లు మాయమై, వెండిపై కాలము పూసిన నలుపు, రాగిపై పట్టిన కిలుము ఉన్నవున్నట్లు కనబడును. అయితే నీడ లేనిచోట ఎత్తును లేదు. ద్వారములోని ఐన్ వెనుకనున్న వెండిలో కలిసిపోవును. సన్నని గీతలును అట్లే అణగిపోవును. కావున అమ్మకమునకు పెట్టిన నాణెమునకు ఈ తీరు చిత్ర మొక్కటియే చూపుట కొనువానికి అన్యాయమని నా దృఢాభిప్రాయము.

మూడవది నిట్టనిలువు వెలుతురు. లెన్సునకు నాణెమునకు నడుమ పలుచని గాజుపలకను నలువదియైదు డిగ్రీల వాలున నిలిపి, ప్రక్కనుండి దీపకాంతిని దానిపైకి పంపుదురు. అందు కొంత కాంతి గాజుపై తగిలి నేరుగ నాణెముపైకి దిగి, వచ్చిన దారినే పైకి మరలి గాజును దాటి లెన్సును చేరును. చదునైన భాగములు వెలుగును తిరిగి పంపి ప్రకాశించును. వాలు భాగములు దానిని ప్రక్కకు త్రోసి నల్లబడును. బొమ్మకు కలముతో గీసినట్టి రేఖ లేర్పడును. స్మారకముగ వెలువడు ప్రూఫ్ నాణెముల అద్దమువంటి నేల, ప్రక్కదీపమున నల్లని చీకటియై దానిమీద బొమ్మ తెల్లగ తేలుచుండగా, ఈ పద్ధతిలో నేల వెలిగి బొమ్మ మసకబారును. రెండును సత్యములే.

అయితే సాతవాహనుల సీసపు నాణెముల వద్దకు వచ్చునప్పటికి ఈ నాగరిక పద్ధతులు చాలవరకు చేతులెత్తివేయును. అవి బూడిదవన్నెవి, మెత్తనివి, తుప్పు తిన్నవి. బ్రాహ్మీ అక్షరములలో కొన్ని అసలు బిళ్ళమీదనే పడలేదు. రెండు తెరచాప స్తంభములతో నౌక ముద్రింపబడిన నాణెమున స్తంభమేదో, పగులేదో తెలిసికొనుటకు వెలుతురును నేలబారుగ, ఉదయసూర్యుని కిరణములవలె పంపవలెను. మునుపటి పండితు లిందుకు వేరొక మార్గము త్రొక్కిరి. నాణెమును మెత్తని ముద్దపై ఒత్తి, ఆ అచ్చులో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి, వచ్చిన తెల్లని ప్రతిరూపమును ఫోటో తీసిరి. తళుకు, నలుపు, మరక అన్నియు తొలగి రూపము మాత్రము మిగులును. బ్రిటిష్ మ్యూజియము నాణెముల పట్టికలలోని చిత్రపత్రములకు చిరకాలము ఆధార మట్టి ప్రతిరూపములే. ఆంధ్రరాజుల నాణెములను రాప్సన్ పండితుడు వర్ణించిన 1908 నాటి గ్రంథము ఆ పరంపరలోనిదే. లోహపు వన్నె పోయినదని సేకర్తలు చింతించిరిగాని, అక్షరమును చదువగోరువానికి అంతకుమించిన ఉపకారము లేదు.

2001లో టామ్ మాల్జ్‌బెండర్ మొదలగువారు హ్యూలెట్ పాకర్డ్ ప్రయోగశాలలో ప్రకటించిన పద్ధతి ఈ అన్వేషణను మరియొక మెట్టెక్కించినది. కెమెరాను కదపక, దీపము దిక్కు మాత్రము మార్చుచు పదుల కొలది ఫోటోలు తీసినచో, ప్రతి బిందువునొద్దను తలము ఎటు వాలియున్నదో కంప్యూటరు గణించును; పిమ్మట చూపరియే తెరపై వెలుతురును తన యిచ్చవచ్చిన వైపునకు జరుపుకొనవచ్చును. నిగనిగలాడు లోహపు తళుకును ఇది నమ్మకముగ చూపజాలదు. అందుకు నేటికిని ప్రక్కదీపమే శరణ్యము. కాని అరిగిన రూపాయిపై ఐన్ అక్షరము కురుచయో నిండో తేల్చవలసినప్పుడు, వెలుతురును ఎడమనుండి మెల్లగ క్రిందికి దించుచు పోగా, మీనారుల నీడలు పొడుగై, తోరణము లోతు తెలిసి, ఆ ద్వారమున అంతవరకు లేనట్లున్న అక్షరపు వంపు సన్నని వెలుగుగీతగ మొలచును.