పాత ఇల్లు పడకముందే పేర్లు రాసుకుందాం

ఆరో తరగతిలో ‘దూలం’ అనే మాట దగ్గర మా పిల్లలు ఆగిపోయారు. బొమ్మ గీసినా తెలియలేదు. ఆ శనివారం కోవిల్‌పట్టిలోనే ఒక విద్యార్థి తాతగారింటికి తీసుకెళ్లాను. వేసవిలో దాన్ని పడగొట్టి కాంక్రీటు ఇల్లు కడతారట.

వీధి వైపు రెండు అరుగులు. గడప దాటితే నడుమ మండువా, చుట్టూ వసారా, వెనక బావి ఉన్న పెరడు. నాలుగు వైపుల కప్పూ లోపలికి వాలి ఉంటుంది. వాన నీరు మండువాలో పడి తూము గుండా బయటికి పోతుంది. ఇంటికి గాలీ వెలుతురూ అక్కడి నుంచే. పెంకుల బరువు వాసాల మీద, వాసాల బరువు దూలాల మీద, దూలాల బరువు టేకు స్తంభాల మీద.

“స్తంభం కింద రాయి ఎందుకు తాతా?” అని ఒక అమ్మాయి అడిగింది.

“నేల చెమ్మ, చెద కొయ్యకు ఎక్కకుండా ఉండాలి కదమ్మా” అన్నారాయన.

దూలం స్తంభంతో కలిసేచోట మేకు లేదు. ఒక కొయ్య కొసను సన్నగా చెక్కి, రెండోదానికి తొలిచిన రంధ్రంలో దించారు. అందుకే ఇలాంటి ఇళ్లను విప్పి మరోచోట నిలబెట్టవచ్చు. చెన్నై దగ్గర 1996లో తెరిచిన దక్షిణచిత్రలో పాత ఇళ్లను అలాగే తెచ్చి నిలబెట్టారు. విరుదునగర్ జిల్లా రాజపాళయంలో, మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసిన పి.ఎస్. కుమారస్వామి రాజా తన ఇంటిని గాంధీ కళామండ్రానికి ఇచ్చేశారు. అన్ని ఇళ్లకూ ఆ అదృష్టం ఉండదు.

ఇల్లు నిలవకపోయినా పేర్లు నిలవవచ్చు. కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారి ఇంటి భాష తెలుగే. ఆయన ఈ నల్లరేగడి నేల పలుకుబడులను ఏరి తమిళంలో నిఘంటువు చేశారు. మన ఇళ్లలోని తెలుగు మాటలను మనమే ఏరుకోవాలి.

పిల్లలు ఆ రోజు ఇరవై మూడు మాటలు రాసుకొచ్చారు. పక్కన తమిళ మాటలూ రాయించాను. తిన్నె, తిణ్ణై; వాకిలి, వాసల్. రెండూ చుట్టాలేనని వాళ్లే కనిపెట్టారు. 2006 చట్టంతో తమిళం అన్ని బడుల్లో తప్పనిసరి పాఠమైంది. ఒక భాష రెండోదానికి అడ్డు కాదని ఈ జంటలే చెబుతున్నాయి.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ సెలవుల్లో పిల్లల్ని అమ్మమ్మగారింటికి పంపేటప్పుడు ఒక నోటుబుక్కు ఇవ్వండి. గడప నుంచి పెరటి దాకా నడిపించి, ఒక్కో పేరూ పెద్దవాళ్లతో చెప్పించండి. బడి తెరిచాక ఆ నోటుబుక్కుతోనే తెలుగు పాఠం మొదలుపెడదాం.