పచ్చిక కింది తొట్టి: ఇంటి సెప్టిక్ వ్యవస్థ సంరక్షణ

అమెరికా నగర శివార్లలో కొత్తగా ఇల్లు కొన్న తెలుగు కుటుంబాలకు గృహప్రవేశం నాటి సాయంత్రమే ఒక వింత అనుభవం ఎదురుకావడం కద్దు. సత్యనారాయణ వ్రతం ముగిసింది. అరవైమంది అతిథులు భోజనాలు చేసి చేతులు కడుక్కున్నారు. వంటింట్లో గిన్నెలు గుట్టగా పడి ఉన్నాయి. అంతలో కింది అంతస్తు స్నానాలగదిలో గుడగుడమని శబ్దం, ఆ వెంటనే టబ్బులోకి అడుగునుంచి ఎగదన్నుతున్న నల్లని నీరు. ఫోను అందుకుని వచ్చిన ప్లంబరు వేసే మొదటి ప్రశ్న, "ట్యాంకు ఎక్కడుంది?" అని. దానికి సమాధానం ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. తమ ఇంటికి ఊరి మురుగు కాలువతో సంబంధమే లేదనీ, ఇంట్లో వాడిన ప్రతి నీటిచుక్కా తమ పెరటి నేలలోనే ఇంకుతున్నదనీ కొందరికి ఆ క్షణం వరకు తెలియదు.

ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. అమెరికాలో దాదాపు ఐదింట ఒక ఇల్లు ఇటువంటి సొంత వ్యవస్థ మీదనే ఆధారపడి ఉన్నది. అట్లాంటా శివార్లలో, న్యూజెర్సీ పల్లె ప్రాంతాలలో, విశాలమైన పెరళ్ళకు ఆశపడి మనవారు కొన్న ఇళ్ళలో అనేకం ఈ కోవకు చెందినవే. నెలనెలా మురుగు బిల్లు రాదు గనుక దానిని తలచుకునే అవసరం కలగదు.

తొట్టి చేసే పని, చేయని పని

ఇంటినుంచి వెలువడే మలినజలమంతా ఒకే గొట్టం ద్వారా నేలలో పాతిన తొట్టిని చేరుతుంది. మూడు పడకగదుల ఇంటికి సాధారణంగా 1000 గ్యాలన్ల తొట్టి ఉంటుంది. అది కాంక్రీటుదో, ఫైబర్‌గ్లాసుదో, ప్లాస్టిక్కుదో కావచ్చు. నీరు అందులో ఒకటి రెండు రోజులు నిలకడగా ఉండి మూడు పొరలుగా విడిపోతుంది. బరువైనవి అడుగుకు దిగి మడ్డి అవుతాయి. నూనెలు, కొవ్వులు పైకి తేలి తెట్టు కడతాయి. నడుమనున్న తేరిన నీరు మాత్రమే రెండవ గొట్టం గుండా బయటకు పోతుంది. ప్రాణవాయువు అక్కరలేని సూక్ష్మజీవులు మడ్డిలో కొంత భాగాన్ని జీర్ణించుకుని వాయువులుగా మారుస్తాయి. ఆ వాయువులు ఇంటి కప్పు మీది గొట్టం ద్వారా గాలిలో కలుస్తాయి.

"కొంత భాగాన్ని" అన్న మాటను గుర్తుంచుకోవాలి. ఈ తొట్టికి మూలపురుషుడు ఫ్రాన్సు దేశంలోని వెసూల్ పట్టణవాసి జాన్ లూయీ మూరాస్. 1860 ప్రాంతంలో ఆయన తన ఇంటి మురుగుకు కట్టించిన తొట్టిని కొన్నేళ్ళకు తెరిచి చూస్తే, అందులో ఘనపదార్థం ఊహించినదానికన్న ఎంతో తక్కువగా ఉన్నదట. 1881లో దానికి పేటెంటు లభించింది. 1890లలో ఇంగ్లండులోని ఎక్సెటర్ నగరంలో డొనాల్డ్ కామెరాన్ ఇటువంటిదే నిర్మించి సెప్టిక్ ట్యాంకు అని పేరుపెట్టాడు. తనను తాను శుభ్రపరచుకునే తొట్టి అనే భ్రమ ఆనాడే పుట్టి ఇప్పటికీ చావలేదు. "ఇరవై ఏళ్ళుగా ముట్టుకోలేదు, దివ్యంగా పనిచేస్తున్నది" అని ఇల్లు అమ్మేవారు చెప్పినప్పుడు సంతోషించడం కన్న అనుమానించడమే మేలు.

నిజానికి తొట్టి నీటిని శుద్ధి చేయదు. శుద్ధి చేసేది నేల. తొట్టినుంచి వెడలిన నీరు రంధ్రాలున్న గొట్టాల గుండా డ్రెయిన్ ఫీల్డులోకి, తెలుగులో చెప్పాలంటే ఇంకుడు పొలంలోకి చేరి, కంకర నడుమనుంచి మట్టిలోకి దిగుతుంది. తడిసీ తడవని ఆ మట్టి సందులలో గాలి ఉంటుంది, గాలిని పీల్చే సూక్ష్మజీవులుంటాయి. రోగకారక క్రిములు అక్కడనే వడగట్టబడి నశిస్తాయి. తొట్టిలో మడ్డి పెరిగి బయటకు పొర్లినా, పొలం మీద నీరు ఎక్కువైనా మట్టి సందులు పూడిపోయి గాలి ఆడదు. నల్లని జిగురుపొర మందంగా పేరుకుని నీటిని ఇంకనివ్వదు. అట్లాంటా పరిసరాలలోని ఎర్ర బంకమట్టి వంటి బిగువైన నేలలలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఇంకుడు పొలం పాడైతే కొత్తది వేయించడానికి వేల డాలర్లు కావాలి. చిన్న స్థలాలలో ఒక్కొక్కసారి రెండవ పొలానికి చోటే దొరకదు. కనుక తొట్టిని తోడించడం తొట్టి కోసం కాదు, ఆ మట్టిని బతికించుకోవడం కోసం.

ఎన్నేళ్ళకొకసారి?

ఏటి పొడుగునా ప్రకటనలలో కనిపించే పొడులు, ఎంజైములు, ఈస్టు పొట్లాలు ఇందుకు ప్రత్యామ్నాయం కావు. కావలసిన సూక్ష్మజీవులు మన మురుగులోనే అపారంగా ఉన్నాయి. మూడేళ్ళకొకసారి పరీక్ష, మూడు నుంచి ఐదేళ్ళకొకసారి తోడింపు అన్నది అమెరికా పర్యావరణ సంస్థ చెప్పే సాధారణ నియమం. అయితే అసలు లెక్క ఇంట్లోని మనుషులనుబట్టి మారుతుంది. విశ్వవిద్యాలయాల విస్తరణ విభాగాలు చిరకాలంగా ప్రచురిస్తున్న అంచనా ప్రకారం, 1000 గ్యాలన్ల తొట్టి ఇద్దరికి ఆరేళ్ళు, నలుగురికి రెండున్నరేళ్ళు, ఆరుగురికి ఏడాదిన్నర మాత్రమే వస్తుంది. పిల్లల పురిటికో, మనవల సంరక్షణకో అమ్మానాన్నలు ఇండియానుంచి వచ్చి ఆరు నెలలుండే ఇళ్ళవారు ఈ అంకెలను శ్రద్ధగా చూడాలి. పక్కింటి దంపతుల లెక్క మనకు వర్తించదు.

తోడే మనిషి వచ్చినప్పుడు ఇంటివారు దగ్గర నిలబడడం మంచిది. చిన్న పరీక్షా రంధ్రం నుంచి కాక పెద్ద మూత తెరిపించి, రెండు గదులుంటే రెండింటినీ ఖాళీ చేయించాలి. బయటకు పోయే గొట్టానికి జల్లెడ ఉంటే కడిగించాలి. మడ్డి పైభాగం ఆ గొట్టం అడుగుకు 12 అంగుళాల లోపునకు వచ్చినా, తెట్టు 6 అంగుళాల లోపునకు దిగినా తోడించవలసిన సమయం వచ్చినట్లే. తొట్టి ఎక్కడున్నదో ఇంటి మూలనుంచి అడుగులు కొలిచి ఒక చిత్రం గీసి, రసీదులతోపాటు దాచితే తరువాతి వ్రతం నాటికి అక్కరకు వస్తుంది.

వంటిల్లు, పండుగలు, గోంగూర మడి

మన వంటింటి అలవాట్లు కొన్ని ఈ తొట్టికి గిట్టవు. గారెలు, అరిసెలు వేయించిన నూనెను సింకులో ఒంపితే అది తెట్టుగా పేరుకుంటుంది. నెయ్యి గొట్టంలోనే గడ్డకడుతుంది. చింతపండు పిప్పి, టీ పొడి, కరివేపాకు, మిగిలిన పప్పూ సాంబారూ గార్బేజ్ డిస్పోజల్‌లో వేసి తిప్పితే కంటికి కనబడకుండా పోతాయేగాని ఎక్కడికీ పోవు. మడ్డి వేగంగా పెరుగుతుంది. నూనె చల్లారిన తరువాత డబ్బాలో పోసి చెత్తలో వేయాలి. దోసెపిండి గిన్నెను కాగితంతో తుడిచి ఆ తరువాతనే కడగాలి. బియ్యం కడిగిన నీళ్ళు పూలమొక్కలకు పోయవచ్చు. ఈ పని మన అమ్మమ్మలు ఎవరూ చెప్పకుండానే చేసేవారు.

మరుగుదొడ్డి విషయంలో మాత్రం మన ఆచారమే మెరుగు. చెంబుతో నీళ్ళు వాడేవారివల్ల తొట్టికి బాధ లేదు. ఫ్లష్ చేయవచ్చునని పొట్లం మీద అచ్చువేసిన తడి రుమాళ్ళతోనే తంటా. అవి కరగవు. అట్లే కారుతున్న కమోడు ఒక్కటే రోజుకు 200 గ్యాలన్ల వరకు నీటిని తొట్టిలోకి పంపగలదు. మిఠాయిలలో వాడే రంగు నాలుగు చుక్కలు కమోడు వెనుక తొట్టిలో వేసి, పావుగంట వాడకుండా ఉంచితే, కిందికి రంగు దిగితే కారుతున్నట్లే.

సెప్టిక్ వ్యవస్థను పడకగదుల సంఖ్యనుబట్టి రూపొందిస్తారు, బంధువుల సంఖ్యనుబట్టి కాదు. మనిషికి రోజుకు సుమారు 70 గ్యాలన్లు అనుకుంటే నలుగురి ఇంటికి 280. అరవైమంది వచ్చిన రోజున, దానిపైన గిన్నెలు, దుప్పట్లు కూడా ఉతికితే, తొట్టిలో మడ్డి కుదురుగా దిగే వ్యవధి ఉండదు. పెద్ద వేడుకకు ముందురోజూ మరునాడూ బట్టలు ఉతకకుండా ఉంటే చాలావరకు గండం గడుస్తుంది. పెరట్లో ఓణీల వేడుక చేసేవారు అద్దె మరుగుదొడ్డి తెప్పించుకుంటే నామోషీ ఏమీ లేదు.

ఇక తోట. పెరటిలో అన్నిటికన్న పచ్చగా కనిపించే జాగా ఇంకుడు పొలమే కావచ్చు. దానిని చూడగానే బెండ, సొర, గోంగూర వేయాలనిపించడం సహజం. వేయకూడదు. తవ్వకం, నీరుపెట్టడం నేలకు చేటు. ఆకుకూరలకు క్రిములు అంటే ప్రమాదమూ ఉన్నది. అక్కడ గడ్డి మాత్రమే ఉండాలి. కార్లు నిలపరాదు, షెడ్డు కట్టరాదు, దాపున పెద్ద వేళ్ళ చెట్లు నాటరాదు, కప్పు మీది వాననీటిని అటు మళ్ళించరాదు. సొంత బావినీరు తాగే ఇళ్ళవారు ఏటా ఒకసారి ఆ నీటిలో బాక్టీరియాను, నైట్రేటును పరీక్ష చేయించాలి. నైట్రేటును నేల పూర్తిగా ఆపలేదు. లీటరుకు 10 మిల్లీగ్రాముల నైట్రోజను అన్నది అమెరికాలో తాగునీటికి పరిమితి. అది దాటితే పాలుతాగే పసిబిడ్డల రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తి తగ్గుతుంది.

మూత

అన్నిటికన్న ముఖ్యమైనది మూత. పగిలిన, వదులైన మూత మీద అడుగుపెట్టిన పిల్లలు తొట్టిలో పడి మరణించిన ఉదంతాలు ఉన్నాయి. మూతకు మరలు బిగించి ఉండాలి, లేదా దానిని మార్పించాలి. తొట్టిలోకి పెద్దలు కూడా తల దూర్చరాదు. అందులోని హైడ్రోజన్ సల్ఫైడు కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది గాని, మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనను పసిగట్టలేదు. ఒకటి రెండు ఊపిరులలోనే మనిషి కూలిపోతాడు. రక్షించబోయి దిగినవాడూ కూలిపోతాడు.

అమెరికాలో ఈ పనికి గొట్టమున్న లారీ వస్తుంది. ఆంధ్ర, తెలంగాణ ఊళ్ళలో అమ్మానాన్నలున్న ఇంటి తొట్టిలోకి మాత్రం ఇంకా ఎక్కడో ఒకచోట మనిషి దిగుతూనే ఉన్నాడు. యంత్రసామగ్రి, రక్షణ లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మురుగులో మరణించినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో తీర్పు చెప్పి, 2023లో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. చట్టం ఉన్నా, కూలి తక్కువని ఇద్దరు మనుషులను పిలిచే ఇంటివారు ఉంటూనే ఉన్నారు. ఊరిలో ఇల్లున్న ప్రవాసులు పండుగకు ఫోను చేసినప్పుడు, తొట్టి నిండితే ఎవరిని పిలుస్తున్నారని అడగవచ్చు. తోడే ట్యాంకరు వాహనం నంబరు కనుక్కుని ఆ డబ్బు తామే పంపవచ్చు.